గడువు డిసెంబరు 15, కవరు ఎప్పుడిస్తారు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, పరీక్షల నియంత్రణాధికారులకు నమస్కారం.

లక్షల జవాబు పత్రాలు దిద్దించి, ఫలితాలిచ్చి, మెమోలు అచ్చు వేయించడం ఎంత భారమో మాకు తెలుసు. ఖాళీలు నింపకుండా వదిలేసిన సెక్షన్లలో, ఉన్న కొద్దిమందే ఆ పని నెట్టుకొస్తున్నారనీ తెలుసు. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగుల మీద మాకు కోపం లేదు. ఎంఎస్‌కు విదేశాలకు వెళ్లే పిల్లలకు మీరిచ్చే కాగితాలు (ట్రాన్స్‌క్రిప్టు అనే అన్ని సెమిస్టర్ల మార్కుల పట్టిక, దాన్ని పెట్టి అంటించిచ్చే సీల్డ్ కవరు, డిగ్రీ) ఎక్కడ ఆగిపోతున్నాయో, చేతికొచ్చినవి కూడా విదేశాల్లో ఎందుకు వెనక్కి వస్తున్నాయో వివరంగా రాసి వినతిపత్రాలు ఇచ్చాం. రసీదు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. మరో దరఖాస్తుల కాలం వచ్చేసింది కాబట్టి ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

ముందు విదేశీ క్యాలెండర్ సంగతి చెప్పాలి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టరుకు దరఖాస్తులు అంతకు ముందటి సెప్టెంబరు నుంచే తీసుకుంటారు. పేరున్న యూనివర్సిటీల్లో చాలావాటి గడువు డిసెంబరు 1కీ జనవరి 15కీ మధ్య ముగుస్తుంది. తరచుగా కనిపించే తేదీ డిసెంబరు 15. అప్పటికి మన బీటెక్ పిల్లలు 4-1లో, అంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టరులో ఉంటారు. వాళ్లు చూపించగలిగేవి 3-2 దాకా ఆరు సెమిస్టర్ల మార్కులే. 3-2 ఫలితాలు, ఆపైన రీవాల్యుయేషన్ తేలేసరికి చాలాసార్లు అక్టోబరు దాటుతుంది. ట్రాన్స్‌క్రిప్టుకు మిగిలేది కొద్ది వారాలే. జర్మనీ అయితే అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు ఎక్కువ చోట్ల జూలై 15, కొన్ని చోట్ల మే 31, ఇంకా ముందు ముగిసేవీ ఉన్నాయి. అక్కడికి వెళ్లే మన విద్యార్థులకు 2022 నవంబరు 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు పత్రాలు అసలువేనని జర్మనీ తరఫున పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి. మార్కుల మెమోలన్నీ పెట్టి, 18,000 రూపాయలు కట్టి, పరిశీలన పూర్తయ్యాక గానీ అది రాదు, అది లేకుండా వీసాకు వెళ్లడానికి లేదు. ఈ తేదీల్లో ఒక్కటి కూడా మన కౌంటర్ల వీలును బట్టి జరగదు.

ఇక్కడ జరిగేది చూడండి. బ్యాంకులో చలానా కట్టాలి, లేదా ఆన్‌లైన్లో కట్టి ఆ రసీదు ముద్రించుకోవాలి. కాలేజీ ప్రిన్సిపల్ నుంచి ఫార్వర్డింగ్ లెటర్ తేవాలి. ప్రతి సెమిస్టరు మెమో జిరాక్సు మీద అటెస్టేషన్ వేయించాలి. అన్నీ పట్టుకుని యూనివర్సిటీకి రావాలి. కాగితాలు తీసుకున్నాక "వారం పది రోజుల్లో కనుక్కోండి" అంటారు. ఆసిఫాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చిన విద్యార్థికి కనుక్కోవడమంటే మళ్లీ ఒక రాత్రి బస్సు. ఫోను ఎత్తరు, మెయిలుకు జవాబుండదు. దరఖాస్తు ఏ టేబుల్ మీద ఉందో తెలుసుకునే దారి లేదు.

ఎక్కడెక్కడ దెబ్బ తగులుతోందో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. ఆలస్యమైతే పోయేది ఏమిటి

అమెరికా యూనివర్సిటీల్లో ఒక్కో దరఖాస్తుకు సాధారణంగా 60 నుంచి 100 డాలర్ల రుసుము ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్టు అందకపోతే ఫైలు అసంపూర్తిగా ఉండిపోతుంది, రుసుము తిరిగి రాదు. అసిస్టెంట్‌షిప్పులు, స్కాలర్‌షిప్పులు ముందు గడువులోపు పూర్తయిన ఫైళ్లకే పరిశీలనకు వస్తాయి కాబట్టి తర్వాత సీటు దొరికినా డబ్బు సాయం దొరకదు.

ఫాల్ తప్పితే జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌లో వెళ్లొచ్చు కదా అని తేలిగ్గా అంటుంటారు. ఆ నాలుగైదు నెలల తేడా ఏం చేస్తుందో చెప్పాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదున్నవాళ్లు చదువుకు సంబంధించిన ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ (చదువుతుండగానే చేసే శిక్షణ పని) అనుమతి కావాలి. దానికి సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి. ఆగస్టులో చేరినవాళ్లకు మే నెలకు రెండు సెమిస్టర్లు పూర్తవుతాయి, మొదటి వేసవిలోనే ఇంటర్న్‌షిప్‌కు వెళ్తారు. జనవరిలో చేరినవాళ్లకు మే నాటికి ఒక్క సెమిస్టరే అవుతుంది, ఆ వేసవి చేజారుతుంది. చాలామందికి మొదటి ఉద్యోగం ఇంటర్న్‌షిప్ చేసిన చోటే వస్తుంది. చదువు ముగిశాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి) కింద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు పని చేసుకోవచ్చు గానీ, మొదటి ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండటానికి వీల్లేదు. చేతిలో ఇంటర్న్‌షిప్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఆ 90 రోజుల్లో ఎంత తేడా ఉంటుందో, పిల్లలను పంపిన తల్లిదండ్రులను అడిగితే చెబుతారు. మన సెక్షన్లో మూడు వారాలు ఆగిన ఒక సంతకం అక్కడిదాకా వెళ్తుంది.

2. మెమో వెనక గ్రేడింగ్ పట్టిక

మేం అన్నిటికన్నా గట్టిగా అడిగేది ఇదే. దీన్ని సరిచేయడానికి అదనంగా ఒక్క రూపాయి అవసరం లేదు.

జర్మనీ యూనివర్సిటీలు మన సీజీపీఏను (పదికి లెక్కకట్టే సగటు గ్రేడు) తమ గ్రేడులోకి మార్చుకోవడానికి సవరించిన బవేరియన్ సూత్రం వాడతాయి. గరిష్ఠ గ్రేడులోంచి విద్యార్థి గ్రేడు తీసేయాలి, దాన్ని గరిష్ఠ గ్రేడుకూ కనీస ఉత్తీర్ణత గ్రేడుకూ ఉన్న తేడాతో భాగించాలి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 అంటే బొటాబొటి పాస్. సీజీపీఏ 7.0 ఉన్న విద్యార్థిని తీసుకోండి. కనీస పాస్ గ్రేడు 4 అనుకుంటే లెక్క 2.5 వస్తుంది. కనీస పాస్ గ్రేడు 5 అనుకుంటే 2.8. చాలా కోర్సులకు అర్హత గీత 2.5 దగ్గర ఉంటుంది. అదే విద్యార్థి, అవే మార్కులు, ఒక లెక్కలో లోపల, మరో లెక్కలో బయట.

మీ ట్రాన్స్‌క్రిప్టు వెనక ఓ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, వాటి పాయింట్లు ఉంటాయి. సబ్జెక్టులో కనీస పాస్ పాయింటు ఎంత, డిగ్రీ ఇవ్వడానికి కావాల్సిన కనీస సీజీపీఏ ఎంత అన్నవి చాలా వాటిలో ఉండవు. అది లేనప్పుడు పరిశీలించేవారు తమకు తెలిసిన అంకె వేసుకుంటారు. మీ అకడమిక్ రెగ్యులేషన్లలో (కోర్సు, పరీక్షల నియమావళిలో) ఉన్న అంకెనే వెనక ఒక వరుసలో అచ్చు వేయమంటున్నాం. మార్కులు పెంచమని ఎవరూ అడగడం లేదు.

క్రెడిట్ల సంగతీ ఇంతే. యూరప్ యూనివర్సిటీలు ఫలానా సబ్జెక్టులో ఇన్ని ఈసీటీఎస్ క్రెడిట్లు ఉండాలని షరతు పెడతాయి. ఒక ఈసీటీఎస్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. మన మెమోలో క్రెడిట్లు మూడు, నాలుగు అని ఉంటాయి తప్ప వారానికి ఎన్ని గంటల లెక్చర్, ఎన్ని గంటల ల్యాబ్ అన్నది ఉండదు. దానికి సిలబస్ కాపీ కావాలి. రెగ్యులేషన్ మారగానే పాత సిలబస్‌ను వెబ్‌సైట్ నుంచి తీసేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆర్16లో (2016 నాటి రెగ్యులేషన్‌లో) చదివినవాళ్లకు ఆర్22 (2022 నాటి) సిలబస్ ఏం పనికొస్తుంది?

3. శాతం ఎలా లెక్కకట్టాలి

బ్రిటన్, ఐర్లండ్ యూనివర్సిటీలు ఇంకా శాతంలోనే అడుగుతున్నాయి. మన యూనివర్సిటీల్లో ఒకచోట సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణిస్తారు, మరోచోట 0.75 తీస్తారు. 7.0కు మొదటి లెక్కలో 65 శాతం, రెండో లెక్కలో 62.5. ఏ సూత్రమైనా ఫర్వాలేదు, అది ట్రాన్స్‌క్రిప్టు మీదే ఉండాలి. ప్రస్తుతం దానికి విడిగా దరఖాస్తు, విడిగా రుసుము, విడిగా నిరీక్షణ. ఎన్ని సబ్జెక్టులు తప్పి మళ్లీ రాశారో చెప్పే బ్యాక్‌లాగ్ సర్టిఫికెట్‌దీ ఇదే వరస. పైగా పరీక్షకు హాజరు కాకపోవడాన్ని ఒకచోట ప్రయత్నంగా లెక్కిస్తున్నారు, ఒకచోట లెక్కించడం లేదు.

4. సీల్డ్ కవరు, వెరిఫికేషన్ మెయిలు

మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో తేల్చే డబ్ల్యూఈఎస్ లాంటి మదింపు సంస్థలు అడిగేది ఒక్కటే: పత్రం యూనివర్సిటీ నుంచి బయల్దేరాక మధ్యలో ఎవరి చేయీ పడకూడదు. కవరు అంటించిన చోట ముద్ర, సంతకం ఉండాలి, కవరు మీద విద్యార్థి రిఫరెన్స్ నంబరు ఉండాలి, లోపల సంస్థ ఇచ్చిన ఫారం అధికారి సంతకంతో ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా కవరు పనికిరాదు. అంటించిన చోట ముద్ర వేయకుండా పైన అడ్రసు దగ్గర వేసిన కవర్లు మేం చూస్తూనే ఉన్నాం. ఆ పొరపాటు అక్కడికి చేరాక గానీ తెలియదు, ఈలోగా కొరియర్ ఖర్చుతోపాటు ఒక నెల పోతుంది.

అక్కడి సంస్థ ఇది అసలుదేనా అని మెయిలు రాస్తే జవాబు రాకపోవడం మరో బాధ. కొన్ని విభాగాలు ఇప్పటికీ యూనివర్సిటీ డొమైన్ లేని ఉచిత మెయిల్ ఖాతాల నుంచి జవాబులిస్తున్నాయి, వాటిని అవతలివాళ్లు నమ్మరు. ఎంఎస్ పూర్తయి ఉద్యోగంలో చేరేటప్పుడు, హెచ్-1బీ పిటిషన్ వేసేటప్పుడు, ఆ తర్వాత గ్రీన్ కార్డు దశలో మళ్లీ ఇదే బీటెక్ డిగ్రీని పరిశీలిస్తారు. ఒక్క జవాబు రానందుకు చదివినవాళ్ల డిగ్రీ మీద అనుమానం పడుతుంది.

నకిలీ సర్టిఫికెట్ల బెడద వల్ల జాగ్రత్తగా ఉండాల్సి వస్తోందని మీరనొచ్చు. జాగ్రత్త కావాల్సిందే. అయితే అసలు కాగితం వేగంగా, నేరుగా అందితేనే నకిలీకి గిరాకీ తగ్గుతుంది. కౌంటర్ దగ్గర దొరకని సమాధానం గేటు బయట దళారీ దగ్గర దొరుకుతోందంటే ఆ లోటు ఎవరిదో ఆలోచించండి. వాళ్ల చేతుల్లో పడిన పిల్లల్లో కొందరికి దొంగ ముద్రల కాగితాలు అంటగడతారు. అది బయటపడిన రోజున నిజంగా చదివిన విద్యార్థి భవిష్యత్తు కూడా అక్కడితో ఆగిపోతుంది.

5. పేరు

మన ఇంటిపేరు పదో తరగతి మెమోలో పూర్తిగా, డిగ్రీ మెమోలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో చివర ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అప్పుడు అక్కడి ఆఫీసుకు రెండు కాగితాల్లోని మనిషి ఒకరేనని నమ్మకం కలగదు. ఎనిమిదో సెమిస్టరుకు ముందే పాస్‌పోర్టుతో సరిచూసుకునే అవకాశం ఇస్తే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

6. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (కన్సాలిడేటెడ్ మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ)

4-2 ఫలితాలు జూన్, జూలైలో వస్తాయి. ఆగస్టులో తరగతులు. ఆ మధ్యలోనే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో చేతికి రావాలి. అవి లేకుండా వెళ్లినవాళ్లకు చాలా అమెరికా యూనివర్సిటీలు రెండో సెమిస్టరు రిజిస్ట్రేషన్‌పై హోల్డు పెడతాయి. ఎఫ్-1 వీసా నిలవాలంటే ప్రతి సెమిస్టరూ పూర్తి కోర్సు లోడు ఉండాలి, పీజీకి అది ఎక్కువ చోట్ల 9 క్రెడిట్లు. హోల్డు తీయించుకోలేకపోతే ప్రమాదం చదువుతో ఆగదు, వీసా దాకా వస్తుంది. అలాంటప్పుడు ఇక్కడ వృద్ధులైన తల్లిదండ్రులు ఆథరైజేషన్ లెటర్ పట్టుకుని మీ కౌంటర్ల దగ్గర నిలబడుతున్నారు.

విద్యార్థి అర్హత పొందిన 180 రోజుల్లోగా డిగ్రీ ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధనల్లో ఉంది. స్నాతకోత్సవం తేదీ కుదరలేదని ఓడీలను ఆపడం ఆ నిబంధనకు విరుద్ధం.

7. మూతపడిన కాలేజీలు

రెండు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీలు చాలా మూతపడ్డాయి. అక్కడ చదివినవాళ్లను ఇప్పటికీ ప్రిన్సిపల్ లెటరు తెమ్మంటున్నారు. లేని కాలేజీ ముద్రను ఎక్కడి నుంచి తేవాలి? మార్కులు యూనివర్సిటీ రికార్డులోనే ఉన్నాయి కదా.

వీటన్నిటి బరువు అందరి మీదా సమానంగా పడదు. ఇంట్లో డబ్బున్నవాళ్లు ఒక సెమిస్టరు ఆగి వెళ్తారు. తెలంగాణలో అంబేడ్కర్ విదేశీ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల సాయం కోసం చూసేవాళ్లది ఏటా 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం. వాళ్లకు అడ్మిషన్ లెటర్ సమయానికి రాకపోతే ఆ విడత పోతుంది. మిగతావాళ్లు ఇల్లో పొలమో తనఖా పెట్టి బ్యాంకు రుణం తెచ్చుకున్నవాళ్లు. 2023-24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో 3,31,602 మందితో భారతీయులే మొదటి స్థానంలో నిలిచారు. అందులో తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో మీకు చెప్పనక్కర్లేదు. వాళ్లలో చాలామంది ఇంట్లో అమెరికా వెళ్లిన మొదటి తరం.

మా డిమాండ్లు ఇవి.

1. ఫలితాలు కంప్యూటర్లో ఉన్న బ్యాచ్‌లకు ట్రాన్స్‌క్రిప్టు 3 పనిదినాల్లో, పాత రిజిస్టర్లు తీయాల్సిన బ్యాచ్‌లకు 10 పనిదినాల్లో ఇవ్వాలి. రసీదు మీద ఇచ్చే తేదీ అచ్చు వేయాలి. దరఖాస్తు ఏ దశలో ఉందో ఆన్‌లైన్లో కనిపించాలి.

2. ట్రాన్స్‌క్రిప్టు వెనక ఇవి ఉండి తీరాలి: గరిష్ఠ గ్రేడు, సబ్జెక్టు కనీస పాస్ పాయింటు, డిగ్రీకి కనీస సీజీపీఏ, శాతం లెక్క, క్రెడిటుకు ఎన్ని గంటలు, బోధనా మాధ్యమం. మూడేళ్ల డిగ్రీలకు నాక్ (విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ) గ్రేడు కూడా వేయాలి, కొన్ని మదింపు సంస్థలు అది చూస్తాయి. ఇవన్నీ ఒకే కాగితం మీద ఉంటే మరో నాలుగు సర్టిఫికెట్ల అవసరమే ఉండదు.

3. అన్ని రెగ్యులేషన్ల సిలబస్ వెబ్‌సైట్లో శాశ్వతంగా ఉంచాలి.

4. ఒకే దరఖాస్తుతో ఐదు సీల్డ్ కవర్ల దాకా ఇవ్వాలి. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను యూనివర్సిటీ డొమైన్ నుంచి నేరుగా విదేశీ సంస్థకు పంపాలి. మెమోలు, డిగ్రీలు డిజిలాకర్‌లోని నేషనల్ అకడమిక్ డిపాజిటరీలో పాత బ్యాచ్‌లతో సహా ఎక్కించాలి.

5. వెరిఫికేషన్‌కు ప్రత్యేకంగా ఒక డెస్కు, ఒక మెయిల్ చిరునామా ఏర్పాటు చేసి, 5 పనిదినాల్లో జవాబివ్వాలి.

6. విదేశీ అడ్మిషన్ లెటర్ చూపించినవాళ్లకు తుది ఫలితాల తర్వాత 10 రోజుల్లో పీసీ, సీఎంఎం ఇవ్వాలి. ఓడీకి 180 రోజుల నిబంధన పాటించాలి. విదేశాల్లో ఉన్నవారి తరఫున వచ్చేవారికి ఒకే రకమైన ఆథరైజేషన్ ఫారం పెట్టాలి.

7. మూతపడిన కాలేజీల విద్యార్థులకు ప్రిన్సిపల్ లెటరు నుంచి మినహాయింపు ఇస్తూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి.

8. రుసుముల పట్టిక, ప్రతి నెలా వచ్చిన దరఖాస్తులు, పెండింగ్‌లో ఉన్నవి వెబ్‌సైట్లో పెట్టాలి.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను కోరేది ఒక్కటే. ట్రాన్స్‌క్రిప్టు నమూనాను యూనివర్సిటీలన్నిటికీ ఒకేలా ఖరారు చేయండి. ఒక కమిటీ రెండుసార్లు కూర్చుంటే అయ్యే పని అది.

ఈలోగా విద్యార్థులకు: 3-2 ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టండి, రీవాల్యుయేషన్ వేసి ఉంటే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. కవరు తీసుకునేటప్పుడు అంటించిన చోట ముద్ర చూసుకోండి. ట్రాన్స్‌క్రిప్టుతోపాటు మీ అకడమిక్ రెగ్యులేషన్ పుస్తకంలో కనీస పాస్ గ్రేడు ఉన్న పేజీని కూడా అటెస్టేషన్ చేయించుకోండి. ఎవరైనా గేటు బయట రెండు రోజుల్లో ఇప్పిస్తామంటే అటు వెళ్లకండి.

అధికారులకు చివరిగా మనవి. ఫాల్ గడువులకు ముందే, నవంబరు 1లోగా మొదటి రెండు డిమాండ్లపై, మిగతావాటిపై వచ్చే ఏప్రిల్ 30లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వండి. నమూనా ట్రాన్స్‌క్రిప్టు తయారు చేయడానికీ, విదేశీ సంస్థల ఫారాలు ఎలా నింపాలో సిబ్బందికి చూపించడానికీ మేం ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాం. దానికి పారితోషికం అక్కర్లేదు.

భవదీయులు,
విదేశీ విద్యకు వెళ్లే విద్యార్థులకు కాగితాల పనిలో తోడుండే అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు